మా లంకని త్రీడీలోకి ఎక్కించిన కథ: మెరకా, పల్లం, మేస్త్రి గారి పైపూ

2022 జులైలో గోదారి వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకే. మాది పి.గన్నవరం వైపు వైనతేయ పాయలో ఒక లంక. ఊరి పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. నాన్నకి ఫోన్ చేస్తే ఆయన లక్షలూ చెప్పలేదు, అడుగులూ చెప్పలేదు. "రామాలయం రెండో మెట్టు మీదున్నాయమ్మా. మూడోది ఎక్కితే మామ్మని పడవెక్కించేస్తాం" అన్నారు.

నాకు ఆ ఒక్క మాటతో ఊరంతా కళ్లక్కట్టింది. రెండో మెట్టంటే పల్లపు వీధి ఇళ్లలో మోకాలి దాకా, పెదనాన్నగారి పశువుల పాకలో నడుం దాకా, మా వాకిట్లో చీలమండ దాకా. పక్కన కూర్చున్న మా వాడికి మాత్రం ఏమీ అందలేదు. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. "మెట్టంటే ఎన్ని మీటర్లమ్మా?" అన్నాడు. కాగితం మీద గీసి చూపించాను. "మరి తాతయ్య ఇల్లు ఎక్కడ? మునుగుతుందా?" అన్నాడు. ఇంకోటి గీశాను. మూడో బొమ్మకి వాడు నిద్రపోయాడు, నేను పోలేదు.

ఏడాది తర్వాత ఇంటి నుంచి పని చేసుకునే వీలు దొరికి ఊరొచ్చేశాను. నా ఉద్యోగం వెబ్‌సైట్లు కట్టడం. మ్యాపుల గురించి నాకు తెలిసింది పెళ్లి మండపానికి దారి వెతుక్కునేంత. అయినా ఊరిని ఫోన్‌లో అటూ ఇటూ తిప్పి చూసేలా, వేలితో నీటిమట్టం పెంచేలా ఒక బొమ్మ కడదామని మొదలుపెట్టాను. నేల ఎత్తుల డేటా ఉచితం, వీధుల మ్యాపు ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు శనాదివారాల పని అనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది.

ఎత్తులకి ముందు దొరికింది ఎస్‌ఆర్‌టీఎం డేటా. 2000 ఫిబ్రవరిలో నాసా వాళ్ల ఎండీవర్ షటిల్ పదకొండు రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో కొలిచిన లెక్క అది. నేలని సుమారు 30 మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తుంది. వీధులూ కాలవలూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చాను, ఎవరైనా గీసి చేర్చగలిగే ఉచిత మ్యాపు అది. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో రెండూ తెరిచి, అందులో త్రీడీ వెబ్ పేజీ చేసిపెట్టే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే పనిముట్టు) ఒకటుంటే దాన్ని నొక్కాను.

తెర మీద మేకుల పరుపు వచ్చింది. భీష్ముడి అంపశయ్య అంటే నమ్మొచ్చు.

తప్పు తేలిగ్గానే దొరికింది. డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, అంటే అడ్డం కొలత డిగ్రీల్లో, నిలువు కొలత మీటర్లలో. మా లంక అడ్డం 0.05 డిగ్రీలు. ఒక చెట్టు దగ్గర ఎత్తు 12 మీటర్లు. కంప్యూటర్‌కి డిగ్రీ, మీటరు తేడా ఏం తెలుసు? 0.05 వెడల్పున్న నేల మీద 12 ఎత్తున్న కర్ర నిలబెట్టింది. అన్నిటినీ ముందు మీటర్లలోకి మార్చుకోవాలి. మన వైపు నేలకి యూటీఎం 44 ఉత్తరం అనే పద్ధతి సరిపోతుంది, క్యూజీఐఎస్‌లో దాని నంబరు 32644. ఫోన్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌లో కూడా మీటర్లే కనిపిస్తాయి గానీ వాటిని నమ్మి కొలవకూడదు. మన అక్షాంశం దగ్గర అది దూరాలని నూటికి నాలుగు వంతులు సాగదీస్తుంది.

మీటర్లలోకి మార్చాక మేకులు పోయాయి. ఈసారి అసలేమీ లేదు, నున్నటి చాప. ఐదు కిలోమీటర్ల అడ్డంలో పది మీటర్ల ఎత్తు తేడా అంటే ఫోన్ తెర మీద రెండు చుక్కల మందం. డెల్టా అంటే అంతేగా. నిలువు కొలతని మాత్రం పది రెట్లు పెంచాను. అప్పుడు కోనసీమలో కొండలు లేచాయి.

నిజంగా బాగున్నాయి. ఊరి చుట్టూ గుండ్రటి గుట్టలు, మధ్యలో లోయలు, లోయల్లో పాయ. మామ్మకి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇది మనూరు కాదే, పాపికొండలేమో" అంది. తర్వాత ఒక గుట్ట మీద వేలు పెట్టి, "ఇదేంటి, మన తోట ఇక్కడుండాలిగా" అంది.

తోటే అది! రాడార్ పైనుంచి తరంగం వదిలితే అది కొబ్బరి మొవ్వుల దగ్గరే చాలావరకు తిరిగెళ్లిపోతుంది, కొంతే కిందికి దిగుతుంది. అందుకని తోటలున్న చోటల్లా నేల ఆరేడు మీటర్లు పైకి లేచింది. వరి చేలున్న చోట మాత్రం అసలు నేల. ఊరి ఇళ్లు తోటల మధ్యలోనే ఉంటాయి కాబట్టి ఊరంతా గుట్టలెక్కింది. నీటిమట్టం పెంచి చూస్తే చేలు మునుగుతాయి, పల్లపు వీధి మాత్రం కొబ్బరి చెట్ల తలల మీద హాయిగా కూర్చుంటుంది. కోనసీమలో ఈ డేటా పెట్టుకుని వరద బొమ్మ వేస్తే ఎవరి ఇల్లూ తడవదు. తోట లేని పేదవాడి ఇల్లు తప్ప.

మంచి డేటా కోసం వెతికాను. కోపర్నికస్ అనే యూరప్ ఉపగ్రహ కార్యక్రమం వాళ్ల 30 మీటర్ల డేటా దీనికన్నా కొత్తది, జర్మనీ రాడార్ ఉపగ్రహాలు 2011 నుంచి 2015 దాకా కొలిచింది. అంకెలు దశాంశాల్లో ఉంటాయి. కానీ అదీ పైకప్పుల కొలతే, అందులోనూ తోటలు గుట్టలే. దాన్నుంచి చెట్లూ భవనాలూ లెక్కగట్టి తీసేసిన ఫ్యాబ్‌డెమ్ అనేది ఒకటుంది, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో బయటపెట్టారు. గుట్టలు చాలావరకు అణిగాయి, మొత్తం పోలేదు. పైగా పాయ అవతల ఏటిగట్టు కూడా అణిగిపోయింది. ముప్పై మీటర్ల గడిలో ఆరేడు మీటర్ల వెడల్పున్న గట్టు ఎక్కడ ఆనుతుంది? నీళ్లు కాస్త పెంచేసరికి గట్టు అవతలి చేలన్నీ సముద్రం. ఎవరైనా చూస్తే కోనసీమ పని అయిపోయిందనుకుంటారు. గట్టుని నేనే గీత గీసి, విడిగా ఎత్తు ఇచ్చి గోడలా నిలబెట్టాను.

సరే, ఎత్తులు నేనే కొలుస్తానని ఫోన్ పట్టుకుని రేవు దగ్గర మెరకెక్కాను. జీపీఎస్ యాప్ తెరిస్తే సముద్ర మట్టానికి మైనస్ 66 మీటర్లు అంది. ఫోన్ పాడైందనుకుని తమ్ముడి ఫోన్ తీసుకున్నాను. మైనస్ 68. ఆ లెక్కన మేమంతా చేపలం.

ఫోన్లు పాడవలేదు. జీపీఎస్ కొలిచేది సముద్రం నుంచి కాదు. భూమిని నున్నటి కోడిగుడ్డులా ఊహించుకుని, ఆ గుడ్డు పెంకు మీంచి కొలుస్తుంది. అసలు సముద్ర మట్టం ఆ పెంకుతో కలవదు, భూమి ఆకర్షణలో హెచ్చుతగ్గుల వల్ల ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉంటుంది. హిందూ మహాసముద్రంలో శ్రీలంకకి దక్షిణంగా ప్రపంచం మొత్తం మీద పెద్ద గుంట ఉంది, అక్కడ సుమారు 106 మీటర్లు కింద. ఆ గుంట వాలు మన దాకా వస్తుంది కాబట్టి గోదావరి జిల్లాల్లో తేడా డెబ్బై మీటర్ల చుట్టుపక్కల. కొన్ని యాప్‌లు ఆ తేడా తీసేసి చూపిస్తాయి, కొన్ని తీయవు. డౌన్‌లోడ్ చేసుకున్న ఎత్తుల డేటా సముద్ర మట్టం లెక్కలో ఉంటుంది, భూగోళం మొత్తం చూపించే త్రీడీ లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్ మూటలు) కొన్ని గుడ్డు లెక్క అడుగుతాయి. ఆ సంగతి తెలియక ఒకసారి నా ఇళ్లన్నీ ఆకాశంలో వేలాడాయి. రెండు రాత్రుళ్లు నా కోడ్‌లో తప్పు వెతుక్కున్నాను. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే వాళ్లకి పూతరేకులు పంపేదాన్ని.

దీనికన్నా నవ్వొచ్చింది అక్విడెక్టు. పి.గన్నవరం దగ్గర కాలవ వైనతేయ మీంచి వెళుతుంది. కాటన్ దొర కాలంలో కట్టిన పాత తూముల వంతెన, పక్కనే 2000లో వచ్చిన కొత్తది, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. కింద నది, పైన కాలవ. మా చిన్నప్పుడు బస్సు దాని మీంచి వెళుతుంటే కిటికీ పక్క సీటుకి కొట్టుకునేవాళ్లం. మ్యాపులో కాలవ ఒక గీత. ఆ గీతని నేల మీద పరిచేయమని కంప్యూటర్‌కి చెబితే అది చెప్పినట్టే చేసింది. కాలవ ఒడ్డు దాకా వచ్చి, నదిలోకి దిగి, అడుగంటా పాకి, అవతలి ఒడ్డెక్కి నగరం అనే ఊరి వైపు వెళ్లిపోయింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇలాంటి ముక్కకి వంతెన అనీ, పై అంతస్తు అనీ ట్యాగులు ఉంటాయి. వాటిని చదివి ఆ ముక్కని నేలకి అంటించకుండా, రెండు ఒడ్డుల ఎత్తూ కలుపుతూ తిన్నగా లాగాలి. కోడ్ పది వరుసలు కూడా లేదు. కానీ నీళ్ల మీద నీళ్లు నడిపించడం తెర మీదే ఇంత తంటా అయితే 170 ఏళ్ల కిందట రాళ్లూ సున్నంతో ఎలా నిలబెట్టారో!

ఇళ్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పైనుంచి తీసిన ఫొటోల్లోంచి యంత్రంతో గుర్తించిన ఇళ్ల ఆకారాలు ఉచితంగానే దొరుకుతాయి. మా ఊళ్లో అవి సగం ఇళ్లే పట్టుకున్నాయి, మిగతా సగం కొబ్బరాకుల కింద. ఒక చోట గడ్డివామిని ఇల్లనుకున్నాయి. మిగతావి నేనే వీధి వెంట తిరిగి గీశాను, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి కూడా ఎక్కించాను. ఎవరి పేర్లూ పెట్టలేదు, డాబానా పెంకుటిల్లా, ఎన్ని అంతస్తులు, అంతే. డాబాలు పెట్టెల్లా లేస్తాయి, పేచీ లేదు. నాలుగు వైపులా వాలున్న పెంకుటిళ్లకి కప్పు ఆకారం ట్యాగు విడిగా ఇవ్వాలి, లేకపోతే అవీ డాబాలైపోతాయి. మామ్మ ముందుగా కనిపెట్టింది అదే, "మన ఇంటికి పెంకులేవే?"

ఇదంతా అయ్యాక కూడా బొమ్మ అబద్ధమే చెబుతోంది. నీళ్లు పెంచితే ముందు మా ఇల్లు మునుగుతోంది, పల్లపు వీధి ఆఖర్న. చూసినవాళ్లెవరైనా నవ్వుతారు. నాన్నే ఒక దారి చెప్పారు. "శాటిలైట్లెందుకు, మేస్త్రి గారిని పిలువు. ఊళ్లో సగం పునాదులకి లెవెల్ పట్టింది ఆయనేగా."

మేస్త్రి గారు తాపీ పనిలో నలభై ఏళ్లున్న మనిషి.

"ఏం కొలవాలమ్మా?"

"ఊరండీ."

"ఇల్లు కొలిచాం, స్థలం కొలిచాం. ఊరెందుకమ్మా? అమ్ముతావా ఏంటి?"

బొమ్మ చూపించాను. పల్లపు వీధి పైకి లేచి ఉండటం చూసి ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "దీన్ని ఆకాశంలోంచి కొలిచారా? ఆయ్, కనబడతానే ఉంది" అన్నారు. మర్నాడు పొద్దున్నే లెవెల్ పైపుతో వచ్చేశారు.

తెలియనివాళ్లకి చెబుతాను. లెవెల్ పైపంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, మాది ఇరవై మీటర్లు. నిండా నీళ్లు పోసి, ఒక్క బుడగ లేకుండా చూసుకుని, ఒక కొస ఈ గుమ్మం దగ్గర, రెండో కొస ఆ గుమ్మం దగ్గర నిలబెడితే రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. మధ్యలో పైపు ఎన్ని వంకర్లు తిరిగినా సరే. అక్కడి నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిస్తే రెండు చోట్ల ఎత్తు తేడా తెలిసిపోతుంది. "నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా" అంటూ ఆయన పైపులో బుడగని వేలితో కొట్టి పైకి పంపేవారు. ఒక కొస ఆయన, ఒక కొస తమ్ముడు, పుస్తకం నేను. ఇరవై మీటర్లకొకసారి సున్నంతో గుర్తు.

సున్నా ఎక్కడ పెట్టాలన్నది నాకు పెద్ద ప్రశ్న. సముద్ర మట్టం ఎక్కడుందో వెతకాలి, కాలవ లాకు దగ్గర ఏదైనా ప్రభుత్వం వారి గుర్తు ఉందేమో చూడాలి అని నేనేదో అంటుంటే ఆయన అప్పటికే రామాలయం కింది మెట్టు మీద పైపు పెట్టేశారు. "వరదొస్తే ఎవరైనా ఎక్కడ చూస్తారమ్మా?" అన్నారు. అంతే. మా ఊరి సముద్ర మట్టం రామాలయం కింది మెట్టు.

మూడు పొద్దుల్లో పెద్ద వీధి, పల్లపు వీధి, రేవు దారి చుట్టి మళ్లీ రామాలయానికి వచ్చాం. బయలుదేరిన చోటికే తిరిగొస్తే లెక్క సున్నాకి రావాలి. అంగుళంన్నర తేడా వచ్చింది. నాకైతే పండగ, ఎందుకంటే అప్పటిదాకా నేను మీటర్లలో తప్పులు చూస్తున్నాను. ఆయన మాత్రం మొహం ముడుచుకున్నారు. "పాల కేంద్రం మలుపులో బుడగుంది, నాకప్పుడే అనుమానం" అని ఆ ముక్క మళ్లీ కొలిపించారు. అరంగుళానికి దిగింది. అప్పుడు టీ తాగారు.

పుస్తకంలో లెక్కలన్నీ కూడితే తేలిందేమిటంటే, మా ఊళ్లో అందరికన్నా మెరక గుమ్మానికీ, అందరికన్నా పల్లం గుమ్మానికీ మధ్య తేడా ఐదడుగుల నాలుగంగుళాలు. ఊరి చరిత్రంతా అందులోనే ఉంది. ఎవరు పడవెక్కాలి, ఎవరు డాబా మీదికెళితే చాలు, ఎవరి బియ్యం బస్తా ముందు తడుస్తుంది, ఏ వీధిలో ఆడపిల్లనివ్వడానికి వెనకాడతారు, అన్నీ ఆ ఐదడుగుల్లోనే. మీటరుకన్నా సన్నటి లెక్క తెలియని ఎస్‌ఆర్‌టీఎం ఆ ఐదడుగులకి ఇవ్వగలిగింది రెండో మూడో వేరు వేరు అంకెలు. చెట్ల గోలంతా తీసేసినా సరే, అంతే.

పైపు పట్టుకుని తిరిగినప్పుడే ఇంకో సంగతి తెలిసింది. పల్లపు వీధి పెంకుటిళ్లు కొన్ని కట్టినప్పుడు పల్లంలో లేవు. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయేసరికి వీధి పైకి లేచింది, గుమ్మాలు కిందికి దిగాయి. ఒక ఇంటి అరుగు ఇప్పుడు రోడ్డుకన్నా నాలుగంగుళాలు కింద. వరద సంగతలా ఉంచండి, గట్టి వాన పడితే వీధిలో నీళ్లు వాళ్ల వసారాలోకే. ఇది ఏ ఉపగ్రహానికీ కనిపించదు, రోడ్డు వేసినవాళ్లకి కనిపించాలి.

వరద గుర్తులు కూడా పైపుతోనే పట్టాం. 2022 ఒండ్రు గీత చాలా గోడల మీద ఇంకా ఉంది, సున్నం వేసినా లోపల్నుంచి మరకలా పైకొస్తుంది. 1986 ఆగస్టుది ఒక పాత ఇంటి టేకు గుమ్మం మీద దొరికింది, మేకుతో గీసిన అడ్డగీత, పక్కన "86". ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. గీత నా భుజం దగ్గరుంది. ఆ ఇంటి పెద్దావిడ ఆ రాత్రి అటక మీద గడిపిన సంగతి చెప్పి, "ఆ గీత మీద రంగు వేయనివ్వలేదు మా ఆయన" అన్నారు.

మేస్త్రి గారి అంకెలన్నీ క్యూజీఐఎస్‌లో చుక్కలుగా పెట్టి, మధ్య నేలని ఆ చుక్కల మధ్య సాగదీశాను. ఊరి లోపల ఆకాశం డేటాని పూర్తిగా తీసేశాను, చేలూ పాయా వైపు మాత్రం ఫ్యాబ్‌డెమ్ ఉంచాను. రెండూ కలిసే చోట మెట్టులా తేడా వస్తే వంద మీటర్ల మేర నెమ్మదిగా కలిపాను. ఈసారి నీటిమట్టం పెంచితే ముందు పెదనాన్నగారి పాక, తర్వాత పల్లపు వీధి, రెండో మెట్టు దగ్గర మా వాకిలి. నాన్న ఫోన్‌లో చెప్పిన రోజు ఎలా ఉందో అలా.

పాత డేటాని మాత్రం చెరపలేదు. దానికి కారణం ఉంది. ఎస్‌ఆర్‌టీఎంనీ కోపర్నికస్‌నీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూద్దాం, ఎక్కడ తేడాలున్నాయో అని ఒక రాత్రి సరదాకి చేశాను. ఊరంతా బూడిద రంగులో ఉంది గానీ, తూర్పు ఒడ్డున ఒక్క చోట ఎర్రగా మచ్చ, మూడు గళ్లు నిలువు, మూడు గళ్లు అడ్డం. 2000లో అక్కడ ఏడెనిమిది మీటర్ల ఎత్తుంది, తర్వాతి డేటాలో నీళ్లు. కాసేపు డేటాలో తప్పనుకున్నాను. తొమ్మిది గళ్లంటే ఎంత నేల అని లెక్కేస్తే రెండెకరాలు. తాతగారి రెండెకరాల తోట. 2006 వరదల తర్వాత కోతకి విరిగి విరిగి, రెండు మూడేళ్లలో చెట్లతో సహా ఏట్లో కలిసిపోయింది. పట్టాదారు పుస్తకంలో ఇప్పటికీ ఉంది, నేల మీద లేదు. ఆ షటిల్ మా మీంచి వెళ్లిన ఫిబ్రవరిలో ఆ చెట్లు ఉన్నాయి, దాని రాడార్ వాటి మొవ్వులకి తగిలి వెనక్కెళ్లింది. తోటల్ని గుట్టలు చేసిందని నేను తిట్టిపోసిన తప్పే అది. ఆ తప్పే లేకపోతే తాతగారి తోట ఎక్కడా మిగిలేది కాదు.

బొమ్మలో "పాత ఒడ్డు" అని ఒక మీట పెట్టాను. నొక్కితే ఆ తొమ్మిది గళ్లు పాయలోంచి పైకి లేస్తాయి.

ఫోన్‌లో నడిపించడం వేరే గోల, అది చేసేవాళ్లకి పనికొస్తుందని రెండు ముక్కలు చెబుతాను. యూటీఎంలో మా ఊరి ఉత్తరం కొలత 18 లక్షల 30 వేల మీటర్ల దగ్గర. ఫోన్‌లో బొమ్మ గీసే చిప్ సాధారణంగా ఏడంకెల వరకే గుర్తుంచుకుంటుంది, అంత పెద్ద సంఖ్య దగ్గర పన్నెండు సెంటీమీటర్ల కన్నా సన్నటి తేడా దానికి కనిపించదు. దాంతో దగ్గరికెళ్లి చూస్తే ఇళ్ల గోడలు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. అన్ని కొలతల్లోంచీ రామాలయం కొలత తీసేసి దాన్నే సున్నా, సున్నా చేస్తే వణుకు ఆగింది. ఇక్కడా రామాలయమే. కొబ్బరి చెట్లది ఇంకో కథ. ఎకరానికి అరవై చొప్పున తొమ్మిది వేల చెట్లు. ఎక్కడో ఉచితంగా దొరికిన అందమైన చెట్టు బొమ్మ తెచ్చి నాటితే ఒక్కోదాంట్లో మూడు వేల త్రిభుజాలు (త్రీడీ బొమ్మలన్నీ చిన్న త్రిభుజాలు అతికించి చేసేవే), మొత్తం రెండు కోట్ల డెబ్బై లక్షలు. తమ్ముడి ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. చివరికి ఒక చెట్టు ఫొటోని రెండు అట్టల మీద అతికించి కత్తెరలా నిలబెట్టినట్టు చేసి, ఒకే చెట్టుని తొమ్మిది వేల చోట్ల గీయమని త్రీ జేఎస్‌కి, అంటే వెబ్ పేజీలో త్రీడీ గీసే లైబ్రరీకి, ఒక్కసారి చెప్పాను. దూరం నుంచి తోటలానే ఉంటుంది. దగ్గరికెళితే అట్టలే, దింపు తీయడానికి పనికిరావు.

సంక్రాంతికి అందరూ ఊరొచ్చినప్పుడు రామాలయం దగ్గర టీవీ పెట్టి చూపించాను. పక్కన మీటర్ల స్కేలు తీసేసి మెట్లు పెట్టాను, వాకిలి, మొదటి మెట్టు, రెండో మెట్టు, అలా అరుగు దాకా. వివరించి చెప్పాల్సిన పనే రాలేదు. పిల్లలు తోసుకుని తోసుకుని ఊరిని పదిసార్లు ముంచారు. పెద్దవాళ్లు ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కున్నారు. "మేం పైన పోర్షన్ వేశాంగా, పెట్టలేదేంటి?" అని ఒకరు. ఒకాయన మాత్రం నన్ను పక్కకి పిలిచి గట్టిగానే అడిగారు. "మా స్థలం పల్లం అని కంప్యూటర్లో పెట్టావంట. రేపు కొనేవాడు చూస్తే రేటు నువ్విస్తావా?" ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే లింకు బయట పెట్టలేదు, ఊరి వాట్సాప్ గ్రూపులోనే ఉంది. ఊరి పేరు రాయనిదీ అందుకే.

కుర్రాళ్లు ఇంకోటి అడిగారు. "అక్కా, మెట్లు సరే, రెండో హెచ్చరిక, మూడో హెచ్చరిక అని మీటలు పెట్టెయ్. టీవీలో చెప్పగానే నొక్కి చూసుకుంటాం." చాలా బతిమాలారు. పెట్టలేదు. ధవళేశ్వరం దిగాక నీళ్లు గౌతమి, వశిష్ఠలుగా చీలతాయి, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ. ఏ పాయకి ఎంత వాటా వస్తుందో, ఆ పూట సముద్రం పోటు మీదుందా పాటు మీదుందా అన్నదాన్ని బట్టి మా మెట్లెక్కే నీళ్లు మారతాయి. వరద నీళ్లు నా బొమ్మలోలాగా పళ్లెంలో పోసినట్టు సమంగా కూడా ఉండవు, పై రేవు నుంచి కింది రేవుకి వాలుగా ఉంటాయి. నాది గోడ మీద గీతల్ని చూసి వేసిన బొమ్మ, అంతే. దాన్ని నమ్మి ఒక్క ఇంటివాళ్లు ఒక్క గంట ఆలస్యంగా బయల్దేరినా నాకు నిద్ర పట్టదు. తెర పైన పెద్దక్షరాలతో "ఇది హెచ్చరిక కాదు, దండోరా వేస్తే కదలండి" అని రాశాను. కుర్రాళ్లకి కోపం వచ్చింది. ఇప్పటికీ అడుగుతున్నారు.

మామ్మ "పాత ఒడ్డు" మీట నొక్కమని అడిగింది. నొక్కాను. నీళ్లలోంచి ఆ ముక్క పైకి లేచింది. "బావి ఏదే?" అంది. బావి ఎక్కడుండేదో నాకు తెలియదు. ఆవిడ టీవీ మీద వేలు పెట్టి చూపించింది, "ఇక్కడ, గిలక ఈ వైపు." తర్వాత వారం ఒక బావి పెట్టాను, గిలక ఆవిడ చెప్పిన వైపే.

నాన్న మాత్రం నీళ్ల మీటని ఇంతవరకూ ముట్టుకోలేదు. మొన్న రాత్రి భోజనాలయ్యాక ఫోన్ తీసి మా పెరటి వైపు తిప్పుకుని చాలాసేపు చూశారు. "బోదె పక్కన మూడో చెట్టు గాలివానకి పడిపోయిందిగా అమ్మా, ఇంకా నిలబెట్టే ఉంచావు" అన్నారు. తీసేశాను. ఇప్పుడు ఎనిమిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.